పులి వచ్చిందా, వీడియో వచ్చిందా?

పోయిన చలికాలం ఒకనాడు పొద్దుగాల్నే మా ఊరి వాట్సప్ గ్రూపుల ఒక వీడియో పడ్డది. కింద “మన గుట్ట కాడ పెద్దపులి, ఎవలు చేన్లకు పోకుండ్రి” అని రాసున్నది. మట్టిబాట మీద ఒకాయన ఎనుకకు ఎనుకకు నడుస్తున్నడు. ఆయన ముంగట గోధుమరంగు జంతువొకటి పండ్లు చూపెట్టుకుంట, ముంగటి కాళ్లు నేలకేసి కొట్టుకుంట మీదిమీదికి వస్తున్నది. ఆనాడు మా వాడకట్టుల పత్తి ఏరే ఆడోళ్లు సగం మంది ఇంట్లనే కూసున్నరు. ఒకనాటి కూలి పోయింది. మా పెద్దమ్మ నన్ను పిలిచి “నువ్వు రాతలు రాస్తవు గదరా, గిది నిజమేనా?” అని అడిగింది.

ఫోన్ తీసుకొని చూసిన. ఆ జంతువు ఒంటి మీద చారలు లేవు, మచ్చలు లేవు. మనిషేమో ఇంగ్లిషుల మొత్తుకుంటున్నడు. కొంచెం ఎతికితే తెలిసింది. అది మా గుట్ట కాదు, అమెరికాల యూటా రాష్ట్రం. 2020 అక్టోబర్‌ల ఒకాయన కొండబాటల ఉరుక్కుంట తెల్వక పిల్లల దగ్గరికి పోతే, తల్లి ఆయనను ఆరు నిమిషాల దాకా ఎంటబడి తరిమింది. ఆ జంతువు పేరు కూగర్. ప్యూమా అన్నా, మౌంటెన్ లయన్ అన్నా, ఫ్లోరిడాల పాంథర్ అన్నా అదే. సింహం లెక్క గాండ్రించదు, ఇంట్ల పిల్లి లెక్క గురగురమంటది. మన దేశపు అడవిల ఆ జంతువే లేదు.

పెద్దమ్మకు చెప్పిన. ఆమె నమ్మింది. నాకే మనసు ఆగలే. ఆ కూగర్ ఎనుక పడి చదువుకుంట పోతే, అమెరికా పల్లెలల్ల గూడ మన లొల్లే ఉన్నదని ఎరుకైంది. అక్కడ నూరేండ్ల కింద మాయమైన జంతువు మళ్ల కనబడ్డదని జనం అంటున్నరు. కాదని అధికారులు అంటున్నరు. ఇద్దరి మాటలల్ల కొంత నిజం ఉన్నది. ఆ ముచ్చట మనకు పనికొస్తదని చెప్తున్న.

ఒకప్పుడు కూగర్లు అమెరికా తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా ఉండె. తెల్లోళ్లు వచ్చి అడవి కొట్టి పొలాలు చేసిండ్రు. జింకలను వేటాడి ఒడగొట్టిండ్రు. గొర్రెలను, లేగలను తింటున్నదని కూగర్ తల తెచ్చినోనికి సర్కారే పైసలిచ్చింది. 1900 వచ్చేసరికి తూర్పు దిక్కు ఫ్లోరిడా చిత్తడి నేలలల్ల తప్ప దాదాపు ఎక్కడా మిగల్లే. పడమటి కొండలల్ల మాత్రం దాసుకొని బతికినయి. 1960ల నుంచి పడమటి రాష్ట్రాలు ఒక్కొక్కటి ఆ బహుమానాలు బంద్ పెట్టినయి. అప్పటికే తూర్పు దిక్కు చానా పొలాలు పడావు పడి మళ్ల అడవైనయి. జింకలు మస్తు పెరిగినయి. ఇక కూగర్లు మెల్లగ తూర్పు బాట పట్టినయి. సౌత్ డకోటాల బ్లాక్ హిల్స్ అనే కొండలు నిండినయి. ఆడికెల్లి నెబ్రాస్కా దిక్కు దిగినయి.

ఇప్పుడు అసలు లొల్లికొస్త. తూర్పు రాష్ట్రాలల్ల ఏటేటా మస్తు మంది “కూగర్‌ను చూసినం” అంటరు. అండ్ల చానామంది చెప్పేది నల్ల కూగర్ గురించి. కానీ నల్ల కూగర్ ఉన్నదని ఇప్పటిదాకా సైన్సుకు ఒక్క రుజువు దొరకలే. అట్లని వాళ్లు అబద్ధమాడుతున్నరని కాదు. మసక ఎలుగుల కుక్క, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి, ఒక్కోసారి ఇంటిపిల్లి గూడ పెద్దగ కనబడతది. భయం దాన్ని ఇంకింత పెద్ద చేస్తది. “జింకలు పెరిగి కార్లకు తగులుతున్నయని ఇన్సూరెన్స్ కంపెనీలోళ్లే దొంగతనంగ కూగర్లను ఇడిచిపెట్టిండ్రు” అనే పుకారు గూడ అక్కడ ఉన్నది. చదువుకున్న దేశమైనా పుకారు పుకారే.

మరి సర్కారు మాటే నిజమా అంటే, 2011 సంగతి ఇనుండ్రి. ఆ మార్చిల అమెరికా వన్యప్రాణి శాఖ “తూర్పు కూగర్ అంతరించింది” అని తేల్చింది. నాలుగు నెలలు తిరగకముందే, జూన్ 11 నాడు, తూర్పు తీరాన కనెక్టికట్ రాష్ట్రంల మిల్‌ఫర్డ్ ఊరి కాడ ఒక కారు గుద్ది కూగర్ సచ్చింది. ఎవలో పెంచుకుంటే తప్పించుకొని వచ్చిందేమోనని మొదాలు అధికారులు అనుకున్నరు. కానీ దాని గోర్లు కత్తిరించి లేవు. తోలు కింద ఏదుపంది ముండ్లు దొరికినయి. అంటే అడవిల వేటాడి బతికిన జంతువే. డీఎన్ఏ చూస్తే బ్లాక్ హిల్స్ కూగర్లతోని కలిసింది. దారిల మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలల్ల అంతకుముందు దొరికిన పెంట, ఎంటికలు గూడ దీనియే అని తేలింది. 63 కిలోల మగ కూగర్, 2,400 కిలోమీటర్ల పైన నడిచొచ్చింది. మన హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పోయి, మళ్ల సగం దూరం ఎనుకకు వచ్చినంత.

అంత దూరం ఎందుకు నడిచింది? ఇది సమజైతేనే మిగిలింది సమజైతది. కూగర్ పిల్ల ఏడాదిన్నర, రెండేండ్లకు తల్లిని ఇడుస్తది. ఆడపిల్లలు ఎక్కువగ తల్లి తిరిగే జాగ పక్కనే కుదురుకుంటయి. మగపిల్లలను మాత్రం పెద్ద మగది ఉండనియ్యది. అవి కొత్త జాగ, ఆడతోడు ఎతుక్కుంట నడుస్తనే ఉంటయి. తోడు దొరకకపోతే ఆగయి. చివరికి కారు కిందనో, తుపాకి ముంగటనో పానం పోతది. 2008 ఏప్రిల్‌ల గిట్లనే ఒకటి షికాగో నగరంల ఇండ్ల నడుమకు వస్తే పోలీసులు కాల్చిండ్రు.

గందుకే ఒక్క మగ కూగర్ కనబడితే “కూగర్లు మళ్ల వచ్చినయి” అనలేం. అది బాటసారి. తల్లి వచ్చి పిల్లలు పెట్టిన్నాడే ఆ జంతువు తన పాత జాగకు తిరిగొచ్చినట్టు. మిషిగన్ రాష్ట్రంల 2008 నుంచి కూగర్లు కనబడ్డట్టు పదులకొద్ది రుజువులు దొరికినయి, కానీ పిల్లలు లేవు. 2025 మార్చిల, ఆ రాష్ట్రపు ఉత్తరం దిక్కు ఒంటొనాగన్ కౌంటీల, ఒక మామూలు మనిషి రెండు కూగర్ పిల్లల ఫొటో తీసిండు. అధికారులు చూసి నిజమే అన్నరు. ఆ రాష్ట్రంల నూరేండ్లల్ల అదే మొదటిసారి. ఆ మనిషి “చూసిన” అని ఊకోలే, చూపెట్టిండు. సర్కారు గూడ “నీకేం తెలుసు” అనలే, పరీక్ష చేసింది. రెండు దిక్కుల గట్ల ఉంటేనే నిజం బయటికొస్తది.

“క్రూరమృగం తిరిగొస్తే సంబురమేంది?” అని అడుగుతరు. అడగాల్సిన మాటనే. కూగర్ మనుషులను చంపుడు చానా అరుదు గానీ, అసలే లేదని కాదు. గొర్లు, లేగలు పోయిన రైతు నష్టం నిజమే. ఇంకో లెక్క గూడ చూడాలె. అక్కడ జింకలు కార్లకు అడ్డమొచ్చి ఏటా 200 మంది దాకా సస్తున్నరు. కూగర్లు తూర్పు దిక్కు తిరిగి కుదురుకుంటే జింకలు తగ్గి, 30 ఏండ్లల్ల 155 మంది పానాలు దక్కుతయని 2016ల కొందరు పరిశోధకులు అంచనా కట్టిండ్రు. అది అంచనానే. కానీ అడవిల వేటాడే జంతువు లేకపోతే ఆ బరువు మనుషుల మీదనే పడతదని చెప్తున్నది.

తిరిగొచ్చే జంతువుకు దారి గూడ కావాలె. లాస్ ఏంజెలెస్‌ల పీ-22 అనే మగ కూగర్ రెండు పెద్ద హైవేలు దాటి ఊరి నడుమ గ్రిఫిత్ పార్కుల చేరింది. అక్కడ పదేండ్లు ఒంటిగ బతికింది. ఆడతోడు ఎన్నడూ దొరకలే. 2022 డిసెంబర్‌ల, బండి తగిలిన దెబ్బలు, రోగాలు కలిసి ఇక బతకదని డాక్టర్లే కన్ను మూయించిండ్రు. అదే ఏడు ఏప్రిల్‌ల ఆ ఊరి పడమర 101 హైవే మీద జంతువుల కోసం వంతెన పని షురూ అయింది.

ఇగ మన ఇంటికొస్త. మన దగ్గర కూగర్ లేదు గానీ, పులి ఉన్నది. అది నడిచే తీరు గూడ గిట్లనే ఉన్నది. మహారాష్ట్రల తాడోబా అడవి నిండితే పడుచు పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఆసిఫాబాద్, ఆదిలాబాద్ దిక్కు వస్తయి. 2024 చలికాలం మొదట్ల ఒక మగపులి తోడు ఎతుక్కుంట ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాలల్ల దినాలకొద్ది తిరిగింది. అంతకు చానా ముందే కాగజ్‌నగర్ అడవిల ఆడపులి వచ్చి పిల్లలు పెట్టింది. అంటే మన దగ్గర తల్లి గూడ వచ్చింది. దారి సంగతి గూడ మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ మీదికెల్లి పోయే 44 నంబర్ హైవే నాగ్‌పూర్ దాటినంక పెంచ్ అడవిల పోతది. అక్కడ హైవే కింద జంతువులకు దారులు ఇడిచిపెట్టిండ్రు. పులులు అండ్లకెల్లి పోవుడు కెమెరాలల్ల పడ్డది.

కానీ ఒక పెద్ద తేడా ఉన్నది. పులి కూగర్ కంటె చానా పెద్దది. మన అడవి అంచుకు ఒంగి పత్తి ఏరే మనుషులున్నరు. 2020 నవంబర్‌ల ఆసిఫాబాద్ జిల్లాల ఒక్క నెలల ఇద్దరు పడుచోళ్లను పులి చంపింది. 2024 నవంబర్‌ల కాగజ్‌నగర్ మండలంల పత్తి చేన్ల ఒక ఆడబిడ్డ పానం పోయింది. పులి తిరిగొస్తే దేశమంత సంబురపడతది, కర్సు మాత్రం ఆ చేన్లల్ల పడతది. అడవి కాపాడాలె అనేటోడు ఆ కర్సు ఎవలు కడతరో గూడ చెప్పాలె. పులి తిరుగుతున్న సంగతి ఊరికి ముందే చెప్పుడు, పశువు పోతే నష్టపరిహారం జెల్ది ఇచ్చుడు, పులి తిరిగే దినాలల్ల కూలి పోయినోళ్లను ఆదుకునుడు సర్కారు పని. “అడవి ఖాళీ చేసి పోండ్రి” అని ఆదివాసులను ఎల్లగొట్టుడు పరిష్కారం కాదు.

తమ్ముడూ, చెల్లె, ఫోన్ చేతుల ఉన్న మన పని గూడ ఉన్నది. వీడియో వస్తే ముందుగాల ఏ ఊరు, ఏ తారీఖు, ఎవలు తీసిండ్రు అని అడుగుండ్రి. జవాబు లేకపోతే ముంగటికి పంపకుండ్రి. అడుగు కనబడితే పక్కన అగ్గిపెట్టెనో, పెన్నో పెట్టి ఫొటో తీయుండ్రి, సైజు తెలుస్తది. కుక్క అడుగుల గోర్ల గుర్తులు పడతయి, పిల్లిజాతి నడిచేటప్పుడు గోర్లు లోపలికి గుంజుకుంటది, చానావరకు పడయి. ఆ అడుగు చెడిపోకుండ మీద ఒక గంప బోర్లించి ఫారెస్టోళ్లకు చెప్పుండ్రి. పశువు సస్తే ఆడనే ఉంచి ఖబర్ చేయుండ్రి, అది కదిలితే పరిహారం గూడ కదిలిపోతది. చూద్దామని గుంపులు కట్టి పోకుండ్రి. ఇంతా చేసినంక గూడ “పులి లేదు గిలి లేదు, కుక్కను చూసిండ్రు” అని ఎవరన్న అంటే, అప్పుడు ఫొటో పెట్టి గట్టిగ అడుగుండ్రి. రుజువున్న మాటను ఎవలూ కొట్టేయలేరు.

ఆ వీడియో పెట్టిన పిలగాణ్ణి నేను కలిసిన. మంచోడే. “అన్నా, అందరు జాగ్రత్తగ ఉంటరని పెట్టిన” అన్నడు. ఆనాడు ఇంట్ల కూసున్న ఆడోళ్ల కూలి ఎంతైతదో ఇద్దరం కూసొని లెక్క కట్టినం. వాడు చానాసేపు మాట్లాడలే. తెల్లారి గ్రూపుల “అది మన ఊరు కాదు, అమెరికా, తప్పైంది” అని పెట్టిండు. అయితే మొదటి వీడియోను ఊరంత పంపుకున్నరు గానీ, ఈ ముక్కను ఎవలూ ముంగటికి పంపలే.