5.4 సూక్ష్మశైవలాలలో పరజన్యు వ్యక్తీకరణను పెంచడం

మీరు అనకాపల్లి జిల్లా పూడిమడక వంటి తీరగ్రామానికి చెందినవారైతే రొయ్యల తెల్లమచ్చ వ్యాధి గురించి వినే ఉంటారు. ఈ వైరస్ సోకిన చెరువులో 3 నుంచి 10 రోజుల్లోనే రొయ్యలన్నీ చనిపోవచ్చు. చికిత్స లేదు. వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్‌ను మేతతో ఇస్తే రొయ్యలు వ్యాధిని కొంతమేరకు తట్టుకుంటాయని ప్రయోగాలు సూచిస్తున్నాయి. రొయ్యలకు సూక్ష్మశైవలాలు సహజ ఆహారమే. కాబట్టి శైవలకణమే ఆ ప్రోటీన్‌ను తయారుచేస్తే మేతే రక్షణ అవుతుంది. క్లామిడోమోనాస్ రైన్‌హార్డ్టీ అనే మంచినీటి శైవలంలో వీపీ28ను ఉత్పత్తి చేశారు కూడా.

అయితే పీసీఆర్ పరీక్షలో జన్యువు కనిపించినంత మాత్రాన ప్రోటీన్ తయారైనట్లు కాదు. జన్యువును చొప్పించడం ఒక పని, కణం చేత దానిని చదివించడం మరొక పని. రెండో పనికి కింది అంశాలు ముఖ్యం.

1. సంకేతాల ఎంపిక: అలనిన్ అనే ఎమైనో ఆమ్లానికి నాలుగు సంకేతాలున్నాయి. క్లామిడోమోనాస్ కేంద్రకం వాటిలో జి-సి-సిని, హరితరేణువు జి-సి-టిని ఎక్కువగా వాడతాయి. కేంద్రక జీనోమ్‌లో జి, సి క్షారాలు సుమారు 64 శాతం. హరితరేణువులో ఎ, టి క్షారాలదే ఆధిక్యం. అందువల్ల జన్యువును ఎక్కడికి పంపుతున్నామో ముందే నిర్ణయించుకుని, దానికి తగినట్లు సంకేతాలను మార్చాలి.

2. ప్రమోటర్, ఇంట్రాన్: కేంద్రకంలో హెచ్‌ఎస్‌పీ70ఎ, ఆర్‌బీసీఎస్2 ప్రమోటర్ల జంట అనులేఖనాన్ని పెంచుతుంది. ఆర్‌బీసీఎస్2 జన్యువు మొదటి ఇంట్రాన్‌ను కలిపితే ఫలితం ఇంకా మెరుగవుతుంది.

3. నిశ్శబ్దీకరణ: కేంద్రకంలో పరజన్యువు సాధారణంగా ఏదో ఒకచోట యాదృచ్ఛికంగా చేరుతుంది. కణం దానిని అణచివేయవచ్చు. అందుకే అనేక కాలనీలను పరీక్షించి, ప్రోటీన్ ఎక్కువగా ఇచ్చేవాటిని ఎన్నుకుంటారు. అతినీలలోహిత కిరణాలతో పొందిన యూవీఎం4 అనే ఉత్పరివర్తక రకంలో ఈ అణచివేత తక్కువ.

4. స్థానం: హరితరేణువులో సమజాత పునస్సంయోజనం ద్వారా జన్యువును కోరిన చోటే చేర్చవచ్చు, పైన చెప్పిన నిశ్శబ్దీకరణ సమస్య అక్కడ లేదు. అయితే ప్రోటీన్‌కు చక్కెరలు జతచేసే ఏర్పాటు కూడా ఉండదు. వీపీ28కు ఆ అవసరం లేదు కనుక హరితరేణువు దానికి అనువైన స్థానం.

ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఇటువంటి జీవులను బహిరంగంగా వాడాలంటే మన దేశంలో 1989 నాటి నియమాల ప్రకారం అనుమతి తప్పనిసరి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

కేంద్రకం కోసం రూపొందించిన వీపీ28 జన్యువును మార్పులేమీ లేకుండా హరితరేణువులో చేర్చితే ప్రోటీన్ ఎందుకు తగ్గుతుంది? రెండు కారణాలు రాయండి.