స్పెయిను దేశపు ఊరిలో కాపురము

ఆడుదానికి ఊరు మారుట పుట్టుకతో వచ్చిన విద్య యని పెద్దలందురు. పుట్టినిల్లు విడిచి అత్తవారింటికి పోయినదానికి మఱియొక ఊరు ఒక లెక్కయా యని వారి భావము. నేనును మొన్న మొన్నటి దాక అట్లే తలచియుంటిని. మా చెల్లెలు ధర్మవరమునుండి స్పెయిను దేశమునకు కాపురము పోవలసివచ్చినప్పుడు గాని అందలి కష్టము నాకు తెలియలేదు.

మా మరిది గాలిమరల పని తెలిసినవాడు. రామగిరి కొండలమీద గాలిమరలు తిరుగుట ఈ ప్రాంతమువారందఱును ఎఱిగినదే. ఆ పనికే స్పెయినులో ఒక నడితరపు ఊరినుండి అతనికి పిలుపు వచ్చినది. ఊరి పేరు అల్బథేతె. జనము లక్షా డెబ్బదివేలకు అటునిటుగా నుందురు. భార్యను, నాలుగేండ్ల కుమారుని వెంట తీసికొని పోవలెనని అతని కోరిక. ఈ మాట విన్ననాటినుండి మా అమ్మ అల్లునితో మాటలాడుట మానివేసెను. "దానికి జ్వరము వచ్చిన గంజి కాచి యిచ్చువారెవ్వరు?" అని నన్నడిగి, నేను జవాబు చెప్పకమునుపే ఫోను పెట్టివేసెను.

చెల్లెలి భయము వేఱు. "అక్కా, ఆయనకు కచేరి యున్నది, పిల్లవానికి బడి యున్నది. నాకేమున్నది? నాలుగు గోడలు!" అనెను. ఇది తీసిపాఱవేయదగిన మాట కాదు. పరదేశమునకు పోవు కుటుంబములలో మగవానికి పోయిన మఱునాడే తోడివారు దొరకుదురు. పిల్లలు నెలలో భాష పట్టుకొందురు. ఇల్లాలు మాత్రము కిటికీ యొద్ద నిలిచిపోవును. ఆమెకు ఆ ఊరిలోనికి తనదైన ద్వార మొకటి కావలెను. అది యెక్కడ దొరకునని విచారింపగా, నాకు ముందుగా తోచినది స్పెయిను కాదు, మా అనంతపురమే.

స్పెయిను దేశస్థుడు వచ్చి కాపురముండి, ముసలివాడై, ఈ మన్నులోనే కలిసిన ఊరు మాది. విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనా నగరమున జన్మించెను. క్రైస్తవ సన్న్యాసిగా 1952లో బొంబాయిలో ఓడ దిగెను. మహారాష్ట్రములోని మన్మాడు ప్రాంతమున రైతులచేత బావులు త్రవ్వించెను. ఆయన పలుకుబడి కొందఱికి కంటగింపై, 1968లో దేశము విడువవలసివచ్చెను. అప్పుడు వేలకొలది రైతులు ఆయన పక్షమున మన్మాడునుండి బొంబాయికి నడిచిపోయిరి. ఇందిరాగాంధీ కలుగజేసికొనుటచే 1969లో తిరిగి వచ్చి, వానలు లేని మా జిల్లాను ఎంచుకొని, గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించెను. ఆర్డీటీ యన్నచో ఇచ్చట తెలియని పల్లె లేదు.

ఆయన కథ పలువురు వ్రాసిరి. నాకు కావలసినది ఆయన భార్య కథ. ఆన్ అను ఆమె ఇంగ్లండు దేశపు పడుచు. బొంబాయిలో పత్రికా విలేఖరిగా నుండి, ఫెర్రరును గూర్చి వ్రాయబోయి ఆయన పనిలో చేరినది. ఇరువది రెండు మూడేండ్ల ప్రాయమున అనంతపురము వచ్చి, ఆయన సన్న్యాసము విడిచిన పిమ్మట 1970లో వివాహమాడినది. ఆనాటి అనంతపుర మెట్టిదో మా వీధిలోని వృద్ధులు చెప్పగా వింటిని: నీళ్ల కఱవు, ఎఱ్ఱని దుమ్ము, తెల్లవారిని వింతగా చూచు కండ్లు. ఈ పరదేశీయులు ఏల వచ్చిరో యని అనుమానపడినవారును లేకపోలేదు. ఆమె ముగ్గురు బిడ్డలను ఇచ్చటనే పెంచినది. 2009 జూన్ 19వ తేదీన భర్త మరణించినప్పుడు, ఆయనను సీమకు తీసికొనిపోలేదు. సంస్థవారి ఆసుపత్రి యున్న బత్తలపల్లిలోనే సమాధి చేసిరి. ఆమెయు స్వదేశమునకు మరలిపోక పనిని సాగించినది.

చెల్లెలితో నేను చెప్పినది ఇంతమాత్రమే: ఆమె ఇంటిలో కూర్చుండి ఊరు తనయొద్దకు వచ్చునని ఎదురుచూడలేదు. పల్లె స్త్రీల సంఘములతో కూర్చుండుట ఆమె పని యైనది. ఆ సంస్థవారు పేదలకు కట్టించిన యిండ్లను ఇల్లాండ్ర పేరనే వ్రాయించుట మన మెఱిగినదే కదా. "ఆమె గొప్పది, నేను మామూలుదానను" అని చెల్లెలు పెదవి విఱిచినది. నిజమే. అందుచేత మామూలుదాని సంగతియే చెప్పవలసివచ్చినది, అనగా నా సంగతి.

మా పుట్టినిల్లు కోనసీమ. పెరటిలో కాలువ, వీధిలో కాలువ. పెండ్లియై అనంతపురము వచ్చిన మఱునాటి యుదయమున, అలవాటు చొప్పున రెండు బిందెల నీళ్లతో వాకిట కల్లాపి చల్లితిని. ఎదురింటి పెద్దమ్మ అరుగుమీదినుండి చూచి, "ఏమ్మా, మీ ఊర్లో ఏరు ఇంటి ముందరే పారుతాదా?" అనెను. ఆ బిందెలు మూడు దినముల కొకసారి వచ్చు కుళాయి నీళ్లని నాకు తెలియదు. సిగ్గుచే నెల దినములు వాకిటి ముఖము చూడలేదు. మావారు ఉదయము బడికి పోయి సాయంకాలము వచ్చువఱకు నాకును నాలుగు గోడలే. భాష తెలుగే యైనను సగము మాటలు తెలియవు. వారి 'అలసందలు' మా బొబ్బర్లని తెలియుటకే వారము పట్టినది. తుదకు ఒకనాడు నీళ్లు పూర్తిగా అయిపోయి, ఆ పెద్దమ్మనే ఒక బిందె అడుగవలసివచ్చినది. ఆమె నీళ్లిచ్చి, కుళాయి వచ్చు వేళ చెప్పి, సంగటి కెలుకుట నేర్పి, ఆపై నన్ను విడువలేదు. అడుగకున్న ఎన్ని యేండ్లు అట్లే యుందునో!

ఇక స్పెయిను సంగతి. పటము చూచినప్పుడు మే మిద్దఱమును నవ్వుకొంటిమి. అల్బథేతె యున్న లా మాంచా సీమయు మాదివంటి మెట్టభూమియే. సముద్రమట్టమునకు దాదాపు 680 మీటర్ల యెత్తు, చెట్టు తక్కువ, గాలి యెక్కువ. మా జిల్లాలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియునందురు; అచ్చట 350 మాత్రమే! అచ్చటను భూమిలోని నీటిని తోడియే సేద్యము చేయుదురు. గాలిమరలతో పోరాడిన దోన్ కిహోతె కథను థెర్వాంతెస్ 1605లో ప్రకటించినది ఈ సీమను గూర్చియే. కఱవు చూచిన కండ్లకు ఆ నేల కొత్త గాదు. చలి మాత్రము కొత్తదే. శీతకాలపు రాత్రులలో నీరు గడ్డకట్టును. పత్తి చీరలు పెట్టెలోనే ఉంచి, మందపు కోటు అచ్చటనే కొనుట మేలు.

శాకుంతలము నాలుగవ అంకమున కణ్వమహర్షి కూతురిని అత్తవారింటికి పంపుచు ఎన్నియో బుద్ధులు చెప్పెను. పెద్దల సేవ, సవతులయెడ స్నేహము, పరిజనులయెడ దాక్షిణ్యము అన్నియు కలవు. భాష మాట లేదు. నాటకమందు రాజు సంస్కృతమును, శకుంతల ప్రాకృతమును పలికినను ఒకరి మాట ఒకరికి తెలియును. మా చెల్లెలికి ఆ భాగ్యము లేదు. ఇంగ్లీషుతో నెట్టుకొని రావచ్చునని మా మరిది తలంపు. పెద్ద నగరములలో నది కొంత చెల్లును గాని నడితరపు ఊరిలో కూరగాయల యంగడివానితోను, పిల్లవాని పంతులమ్మతోను స్పానిషే కావలెను. తెలుగు నోటికి ఆ భాష అంత కష్టము గాదు. అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉ లవలె స్వచ్ఛముగా పలుకును. రకారములు రెండు: 'పెరొ' అనిన 'కాని' యని యర్థము, 'పెఱ్ఱొ' అనిన కుక్క. బండి ఱ ఎఱిగిన మనకు ఇది చిక్కా? 'ఎస్పాఞ' యను దేశనామములో మన ఞకారమే యున్నది. నీవు, మీరు అను భేదము కూడ కలదు: 'తూ', 'ఉస్తెద్'. అయితే అంగడి కుఱ్ఱవాడు సైతము 'నీవు' అని సంబోధించుట అచ్చట వాడుక, కించపడరాదు. పరిచయమైనప్పుడు ఆడువారి రెండు చెక్కిళ్లకు చెక్కిలి ఆనించి ముద్దిడుటయు వాడుకయే. అది సరిపడనివారు ముందుగా తామే చేయి చాచవలెను. ఈ ముచ్చట అమ్మకు చెప్పలేదు.

అనంతపురములోనే మా పల్లెల పిల్లలకు స్పానిషు, ఫ్రెంచి, జర్మను భాషలు నేర్పు పాఠశాలను పైన చెప్పిన సంస్థవారు నెలకొల్పిరి. అందు చదివిన పల్లెటూరి పిల్లలు ధారాళముగా స్పానిషు మాటలాడుదురు. అట్టి యొక అమ్మాయి వారమునకు మూడు దినములు చెల్లెలికి పాఠము చెప్పినది. అచ్చటికి పోయిన పిమ్మట, వయోజనులకై ప్రభుత్వము నడుపు పాఠశాలలలో పరదేశీయులకు భాష నేర్పుదురు. ఇంటి ద్వారము దాటుటకు అంతకంటె మంచి నెపము లేదు.

కాగితముల పని విసుగు పుట్టించునది గాని తప్పనిది. పెండ్లి పత్రమును, బిడ్డ పుట్టిన పత్రమును మన విదేశాంగ శాఖవారిచే అపొస్టిల్ ముద్ర వేయించి, ప్రమాణము చేసిన అనువాదకునిచే స్పానిషులోనికి మార్పించవలెను. భార్యకు ఇచ్చు అనుమతిపత్రములో ఉద్యోగము చేయు హక్కు కలదో లేదో ఇచ్చటనే చూచుకొనవలెను. భర్తలు ఈ సంగతి మఱచుట కలదు. దీర్ఘకాలపు వీసాతో పోయినవారు అడుగుపెట్టిన నెల లోపల వ్రేలిముద్రలిచ్చి గుర్తింపు కార్డునకు దరఖాస్తు పెట్టవలెను. పురపాలక కార్యాలయములో 'పద్రోన్' అను నివాసుల పట్టికయందు పేరు వ్రాయించవలెను. బడికిని, వైద్యమునకును ఆ పత్రమే ఆధారము. మూడేండ్లు నిండిన పిల్లలకు సర్కారు బడి ఉచితము; ఆఱు మొదలు పదునాఱేండ్ల వఱకు చదువు నిర్బంధము. ఆపద వచ్చినచో 112 అను సంఖ్యకు ఫోను చేయవలెను. అమ్మ అడిగిన జ్వరము ప్రశ్నకు నా జవాబు సగము ఇందున్నది. గంజి మాట ఆ సంఖ్యవారు చూడరు.

దినచర్య మనకు తలక్రిందులుగా తోచును. మధ్యాహ్న భోజనము రెండు మూడు గంటలకు, రాత్రి భోజనము తొమ్మిది పది గంటలకు. చిన్న అంగళ్లు మధ్యాహ్నము రెండు మొదలు అయిదు వఱకు మూసివేయుదురు. వేసవి రాత్రులలో పల్లెల ముసలమ్మలు వీధిలో కుర్చీలు వేసికొని కబుర్లాడుదురట. అరుగులు లేవు గాని అరుగు మాటలు కలవు.

శాకాహారులకు కష్టము కలదు. పప్పు, శనగలు విరివిగా దొరకును గాని, హోటలులో వండిన పప్పునందు రుచికై పందిమాంసపు తునకలు వేయుట సామాన్యము. కూరగాయల పచ్చడి యని తెప్పించిన పళ్లెములో చేప యుండవచ్చును. మాంసము లేదా, హమోన్ లేదా, ఆతూన్ లేదా యని విడివిడిగా అడుగవలెను. ఆ సీమదే 'పిస్తో' యని టమోటాలు, క్యాప్సికము, ఉల్లి ఒలీవనూనెలో మగ్గబెట్టిన కూర యున్నది; అన్నములోనికి బాగుండును. చింతపండు, ఇంగువ, ఆవాలు ఇంటినుండియే కొనిపోవలెను.

నాకు మిక్కిలి నచ్చినది ఆ సీమ కుంకుమపువ్వు. అక్టోబరు చివరను ఊదారంగు పూలు నేలమీద విచ్చును. తెల్లవారుజామున కోసి, ఆ దినముననే ఒక్కొక్క పూవునుండి మూడు ఎఱ్ఱని కేసరములను గోళ్లతో తీయవలెను. కిలో కుంకుమపువ్వునకు లక్షన్నరకు పైగా పూలు కావలెను. తరతరములుగా ఇరుగుపొరుగు స్త్రీలు ఒక బల్లచుట్టు కూర్చుండి, మాటలాడుకొనుచు ఈ పని చేసిరి. మా వీధిలో సెనక్కాయలు వలుచునప్పుడు పెద్దమ్మలు కూర్చున్నట్లే. "ఆ బల్లయొద్ద చోటు అడుగుము, చేతులకు భాష అక్కఱలేదు" అని చెల్లెలికి చెప్పితిని. ఆమె ఆ మాటను కాగితముమీద వ్రాసికొన్నది.

ఆగస్టులో వారు పోయిరి. విమానాశ్రయమునకు అమ్మ రాలేదు. మొదటి రెండు వారములు చెల్లెలు ఫోనులో ఏడ్చుటయే గాని మాట లేదు. మూడవ వారమున, భర్త తోడుగా వత్తునన్నను వలదని, తానొక్కతయే పురపాలక కార్యాలయమునకు పోయినదట. అచ్చటి గుమాస్తా స్త్రీ దరఖాస్తును త్రిప్పి చూపి, రెండవ ఇంటిపేరు ఏదని అడిగినదట. ఆ దేశమున ప్రతివారికిని ఇంటిపేర్లు రెండు. తండ్రిది యొకటి, తల్లిది యొకటి. పెండ్లియైనను స్త్రీలు వానిని మార్చుకొనరు. మా చెల్లెలి పాసుపోర్టులో ఉన్నది ఒక్కటే. వచ్చీరాని మాటలతో ఆమె సంగతి చెప్పగా, గుమాస్తా నవ్వి ఆ గడిని ఖాళీగా విడిచినదట.

ఈ మాట అమ్మకు చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, "మా పుట్టింటివారి పేరు వ్రాయవచ్చును గదా, అంత సిగ్గేమి?" అనెను. ఆ ప్రయాణమును గూర్చి ఆమె రెండు నెలలలో పలికిన మొదటి మాట అది.