శనివారం ఎక్కితే సోమవారం దిగారు: ఆదివారం ఎక్కడికి పోయింది?



మన హోసూరు చుట్టుపక్కల చాలా ఇండ్లలో అన్నో, అక్కో, మామో అమెరికాలో ఉన్నారు. వాళ్లు వస్తున్నారంటే ఇంట్లో మొదటి ప్రశ్న: "ఏ రోజు దిగుతారు?" ఈ లెక్క తప్పితే ఒక రోజు ముందో వెనకో విమానాశ్రయానికి పోవాల్సి వస్తుంది. అందుకే లెక్క ఎట్లా వేయాలో ఇక్కడ చెప్తున్నాం.

ఒక నిజమైన ప్రయాణాన్ని తీసుకుందాం. 2021 జనవరి 9, శనివారం రాత్రి 8.30 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి బయల్దేరింది. ఎక్కడా ఆగకుండా ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, జనవరి 11, సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. ఈ రెండు నగరాల మధ్య అదే తొలి నాన్‌స్టాప్ విమానం. నడిపిన పైలట్లందరూ మహిళలే. వారికి నాయకత్వం వహించింది కెప్టెన్ జోయా అగర్వాల్.

దూరం

గోడ మీది మ్యాపు చూస్తే ధ్రువం మీదుగా రావడం చుట్టుదారిలా కనిపిస్తుంది. కానీ భూమి గుండ్రం కదా! గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టండి. అది ఉత్తరంగా, ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది. అదే దగ్గరి దారి. భూమధ్యరేఖ చుట్టూ పట్టిన దారం 100 సెం.మీ. ఉంటే, ఈ దారం దాదాపు 35 సెం.మీ. ఉంటుంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కాబట్టి దూరం సుమారు 14,000 కి.మీ.

ప్రయాణ సమయం

పెద్ద విమానం గంటకు 900 కి.మీ.కు కాస్త తక్కువ వేగంతో పోతుంది. 14,000ని 880తో భాగిస్తే దాదాపు 16 గంటలు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. దారి కొంచెం మారుతుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా ఆలస్యం. అందుకే 17 గంటలు అనుకోండి.

తేదీ

చలికాలంలో మన గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో కంటే 13.30 గంటలు ముందుంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా 12.30 గంటలే.

ఇప్పుడు లెక్క చూడండి:

- అక్కడ శనివారం రాత్రి 8.30 అంటే, మనకు ఆదివారం ఉదయం 10.
- దానికి 17 గంటలు కలిపితే, సోమవారం తెల్లవారుజామున 3.

అంటే ఆదివారం ఎక్కడికీ పోలేదు, విమానంలోనే గడిచిపోయింది.

ఇక్కడి నుంచి పోయేటప్పుడు దీనికి తలకిందులు. చలికాలంలో మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరితే, అదే రోజు సాయంత్రం 5.30కి అక్కడ దిగినట్టు టికెట్‌లో ఉంటుంది. మూడున్నర గంటల ప్రయాణమని అవ్వా తాతలకు చెప్పకండి! కూర్చోవాల్సింది 17 గంటలు. వాళ్ల మందులు చేతిసంచిలోనే పెట్టండి.

తల్లిదండ్రులకు ఒక మాట

టికెట్‌లో రాసేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. "11వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు" అని ఉంటే, మనం 10వ తేదీ రాత్రే ఇల్లు కదలాలి. హోసూరు నుంచి బెంగళూరు ఊరంతా దాటితే గానీ విమానాశ్రయం రాదు.

పిల్లలకు

మీ బంధువులు ఉండే ఊరిని గ్లోబు మీద వెతికి, దారంతో కొలిచి, దూరం, సమయం, దిగే తేదీ నోటు పుస్తకంలో లెక్క వేయండి. ఈసారి ఇంట్లో "ఏ రోజు దిగుతారు?" అని అడిగితే జవాబు మీరే చెప్పండి.