ఈగ చెవి నేర్పిన పాఠం: దిక్కు కనిపెట్టే స్మార్ట్ యాంటెన్నాలు

దూరదర్శన్ రోజుల్లో టీవీలో బొమ్మ సరిగా రాకపోతే ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవారు. కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, ఆపు" అని కేకేసేవారు. సిగ్నల్ ఎటు నుంచి వస్తోందో ఆ యాంటెన్నాకు తెలియదు, మనుషులే వెతికి పెట్టాలి. ఇప్పుడు ఆ పని యాంటెన్నాలే చేసుకుంటున్నాయి, అదీ కదలకుండానే. వీటినే స్మార్ట్ యాంటెన్నాలు అంటున్నారు. వాటిని చిన్నగా చేయడానికి శాస్త్రవేత్తలు ఒక ఈగ దగ్గర కూడా పాఠం నేర్చుకున్నారు.

దిక్కు ఎలా తెలుస్తుంది?

కుడి వైపు నుంచి ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు మన కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టుకుని తలను అటు తిప్పిస్తుంది.

యాంటెన్నాల సంగతీ అంతే. కొన్నింటిని పక్కపక్కన నిలబెడితే రేడియో తరంగం ఒకదాన్ని ముందు, ఇంకోదాన్ని తర్వాత తాకుతుంది. ఆ తేడాను లెక్కగడితే దిక్కు తెలుస్తుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో పై గాలుల్ని పరిశీలించే రాడార్‌కు ఇలాంటివి 1024 ఉన్నాయి. అందులో ఏ యాంటెన్నా కదలదు. ఒక్కోదానికి అందించే తరంగాన్ని కాస్త ముందువెనుకలు చేస్తే చాలు, రాడార్ చూపు కావాల్సిన వైపు తిరుగుతుంది.

ఇందులో ఓ చిక్కుంది. రెండు యాంటెన్నాల మధ్య మామూలుగా తరంగం పొడవులో సగం దూరమైనా ఉంచుతారు. ఎఫ్ఎం రేడియో తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు. అంటే ఒకటిన్నర మీటరు ఎడం కావాలి. గాదంకి రాడార్ కూడా సుమారు 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో పరుచుకుని ఉంది. అంత చోటు చిన్న పరికరంలో ఎక్కడిది? మరీ దగ్గరగా పెడితే తేడా తెలియనంత చిన్నదైపోతుంది.

ఈగ చేసే పని

అమెరికాలో ఓర్మియా ఓక్రేసియా అనే చిన్న ఈగ ఉంది. ఆడ ఈగ రాత్రివేళ కీచురాయి అరుపు విని, చీకట్లోనే దాన్ని వెతికి పట్టుకుని, తన పిల్ల పురుగుల్ని దాని మీద వదులుతుంది. ఈ ఈగకు రెండు చెవుల మధ్య దూరం అర మిల్లీమీటరే. శబ్దం రెండు చెవులకూ చేరడంలో తేడా మహా అయితే సెకనులో పది లక్షల వంతుల్లో ఒకటిన్నర వంతు. ఇంత చిన్న తేడాతో దిక్కు తెలియకూడదు. కానీ ఈగ 2 డిగ్రీల తేడాను కూడా గుర్తుపడుతుంది!

దీని రహస్యాన్ని రాన్ మైల్స్, డేనియల్ రాబర్ట్, రాన్ హోయ్ 1995లో వివరించారు. ఈగ రెండు కర్ణభేరులనూ ఓ చిన్న వంతెన కలుపుతుంది. ఒకటి కదిలితే రెండోదీ తూగుడుబల్లలా కదులుతుంది. దాంతో ఆ చిన్న తేడా ముప్ఫై రెట్లకు పైగా పెరుగుతుంది.

2010, 2011 ప్రాంతంలో అమెరికాలో విస్కాన్సిన్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇదే ఉపాయాన్ని యాంటెన్నాలకు వాడి చూశారు. దగ్గరగా ఉన్న యాంటెన్నాలను ఎలక్ట్రానిక్ వంతెనతో కలిపి తేడాను పెంచారు. అయితే తేడా పెంచితే అందే సిగ్నల్ బలం తగ్గుతుంది. ఉచితంగా ఏదీ రాదు కదా!

నేర్చుకోవడం ఎందుకు?

బయట లోకం లెక్కల పుస్తకంలా ఉండదు. సిగ్నల్ గోడకు, ఇనుప బీరువాకు తగిలి నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. అందుకే మెషీన్ లెర్నింగ్ కావాల్సి వస్తోంది. తెలిసిన దిక్కుల నుంచి వేల సిగ్నళ్లు పంపి, "ఇది ఇటు, అది అటు" అని కంప్యూటర్‌కు నేర్పుతారు. తప్పు చెప్పిన ప్రతిసారీ అది లెక్కను కాస్త సరిచేసుకుంటుంది. ఇది మరీ కొత్త ఆలోచనేం కాదు. బెర్నార్డ్ విడ్రో, టెడ్ హాఫ్ 1960లో ఇలాంటి సూత్రాన్నే రూపొందించారు. 1967లో విడ్రో బృందం దాన్ని యాంటెన్నాలకు వర్తింపజేసింది.

లాభమూ ఉంది, జాగ్రత్తా కావాలి

తరంగాలను ఇలా చదవడం వస్తే, తగిలి తిరిగొచ్చిన తరంగాన్ని బట్టి మనిషి కదలికనూ పసిగట్టవచ్చు. ఎంఐటీలో దీనా కతాబీ బృందం 2018లో గోడ అవతల ఉన్న మనిషి నిలబడ్డాడా, కూర్చున్నాడా అని రేడియో తరంగాలతోనే గుర్తించి చూపింది. పిల్లలు గల్ఫ్‌లోనో, వేరే ఊళ్లోనో ఉండి, ఇంట్లో నానీ, దాదా ఒంటరిగా ఉన్న కుటుంబాలకు ఇది పనికొచ్చే విషయమే. కెమెరా లేకుండానే పెద్దవాళ్లు పడిపోతే కబురు అందేలా చేయవచ్చు.

కానీ గోడ దాటి చూడగలిగేది ఇంటి పరదానూ దాటగలదు. కెమెరా కంటికి కనిపిస్తుంది, తరంగం కనిపించదు. కాబట్టి ఇలాంటి పరికరం కొనేటప్పుడు ధరతో పాటు ఇంకొన్ని అడిగి తెలుసుకోవాలి. దాని సమాచారం ఇంట్లోనే ఉంటుందా, కంపెనీకి వెళ్తుందా? కావాలనుకున్నప్పుడు ఆపేయవచ్చా? మన ఇళ్లలాంటి ఇళ్లలో పరీక్షించారా? ఒక గదిలో నేర్చుకున్న యంత్రం ఇంకో గదిలో పొరపాటు పడవచ్చు. అన్నిటికన్నా ముందు, ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు విషయం చెప్పి వాళ్ల ఇష్టం కనుక్కోవాలి.