ఊళ్లోనే ఉండి పరదేశీలైనవాళ్లు

పుదుచ్చేరిలో కొన్ని వేల కుటుంబాల రాతను ఒక్క తారీఖు మార్చేసింది. అది 1962 ఆగస్టు 16. భారత్, ఫ్రాన్స్ 1956 మే 28న సంతకాలు చేసిన అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చింది ఆ రోజే. ఎక్కడ పుట్టావు, ఈ రోజు ఎక్కడ కాపురం ఉంటున్నావు అన్న రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబును బట్టి ఎవరు భారతీయులో, ఎవరు ఫ్రెంచివాళ్లో తేలిపోయింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఏ జెండా చూస్తే ఒళ్లు పులకరిస్తుందో ఎవరూ అడగలేదు.

ఒక ముగ్గురు అన్నదమ్ములను ఊహించుకుందాం. తండ్రి ఫ్రెంచి సర్కారు గుమాస్తాగా సైగాన్‌లో పనిచేశాడు. పెద్దవాడు 1934లో అక్కడే పుట్టాడు. మిగతా ఇద్దరూ 1937లో ఒకడు, 1939లో ఒకడు పుదుచ్చేరిలో పుట్టారు. రెండోవాడు పారిస్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. చిన్నవాడు తల్లిని కనిపెట్టుకుని ముత్యాలపేట ఇంట్లో ఉండిపోయాడు. ఒప్పందం వచ్చాక పెద్దవాడు ఫ్రెంచివాడిగానే ఉన్నాడు, ఎందుకంటే అతను పుట్టింది పుదుచ్చేరి గడ్డ మీద కాదు. రెండోవాడూ ఫ్రెంచివాడే. పుట్టింది ఇక్కడైనా కాపురం విదేశంలో. చిన్నవాడు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండానే భారతీయుడయ్యాడు. కాదు, ఫ్రెంచివాడిగానే ఉంటానంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఒకే తల్లి బిడ్డలు, ఒకే వంటిల్లు, రెండు పాస్‌పోర్టులు. ఇలాంటి ఇళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి.

విదేశంలో కాపురం మనిషిని ఎలా మారుస్తుందని అడిగితే మనవాళ్లు వెంటనే డల్లాస్ కబుర్లు ఎత్తుకుంటారు. యాస మారడం, కారం తగ్గడం, పిల్లలు తెలుగులో జవాబివ్వకపోవడం. అవన్నీ నిజమే, కాని పైపై సంగతులు. అంతకన్నా లోతుగా మారేవేమిటో తెలియాలంటే పుదుచ్చేరి లెక్కలు చూడాలి. ఇక్కడ దాదాపు రెండు వందల ఏళ్ల పద్దులు ఉన్నాయి. పైగా ఇల్లు కదలకుండా పరదేశీలైనవాళ్లూ ఉన్నారు కాబట్టి, ఏ మార్పు ప్రయాణం వల్ల వచ్చిందో, ఏది కాగితం వల్ల వచ్చిందో విడదీసి చూడొచ్చు.

ముందు ఆ ఆరు నెలల లెక్క. ఫ్రెంచి పౌరసత్వం నిలబెట్టుకుంటామని చెప్పినవాళ్లు సుమారు 5 వేల మంది. 1961 జనగణన ప్రకారం పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం కలిపి జనాభా 3,69,079. అంటే వందకు ఒకటిన్నర మంది కూడా లేరు. నిజానికి ఊరు భారతదేశం చేతికి వచ్చి అప్పటికే ఏడేళ్లు దాటింది. 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేస్తే 170 మంది విలీనానికి ఒప్పుకున్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. మన యానాం అయితే అంతవరకూ ఆగలేదు, దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపిన ఉద్యమంతో జూన్ 13నే ఫ్రెంచి పాలన వదిలించుకుంది. అలా 1954 నుంచి 1962 దాకా అందరిదీ వింత బతుకు. పాలన భారతదేశానిది, చట్టం దృష్టిలో మనుషులు ఫ్రాన్స్ వాళ్లు.

ఫ్రెంచి పౌరసత్వం నిలబెట్టుకున్నవాళ్లలో సైనికులు, మాజీ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలే ఎక్కువ. ఊళ్లో వాళ్లను సొల్దాలంటారు. ఇండోచైనాలో, అల్జీరియాలో ఫ్రాన్స్ తరఫున యుద్ధాలు చేసి వచ్చినవాళ్లున్నారు. ఆ రోజుల్లో ఫ్రెంచి సైన్యంలో అధికారి హోదా లేని మనిషికి 15 ఏళ్ల సర్వీసు నిండితే పింఛను. ఇరవై ఏళ్లకు చేరినవాడు ముప్పై అయిదుకు ఇంటికి వచ్చేయొచ్చు. పారిస్ ధరలకు కట్టిన పింఛనుతో పుదుచ్చేరి ధరల మీద బతకడం ఎంత హాయో చెప్పక్కర్లేదు. మేడలు లేచాయి. ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న వరుడికి కట్నం పెరిగిందని ఊళ్లో అందరూ చెబుతారు. అందులో ఆశ్చర్యమూ లేదు. పెళ్లయిన నాలుగేళ్లకు భార్య కూడా ఆ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు మరి, పుట్టే పిల్లలకైతే పుట్టుకతోనే వస్తుంది.

జులై 14 పొద్దున సముద్రం ఒడ్డున గుబేర్ అవెన్యూలో ఉన్న యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్లి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి ఇండియా సైనికుల కోసం 1938లో కట్టిన నాలుగు స్తంభాల కట్టడం అది. ఎర్ర కెపీ టోపీల పోలీసులు బారులు తీరతారు. ముసలి సొల్దాలు కోటు మీద పతకాలు తగిలించుకుని వస్తారు. పుష్పగుచ్ఛం ఉంచుతారు, రెండు దేశాల జాతీయ గీతాలూ వినిపిస్తాయి. అది ముగిశాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది తమిళం. ఈ పెద్దమనుషుల్ని ప్రవాసులనాలా, స్థానికులనాలా అంటే నా జవాబు స్థానికులనే. చట్టం మాత్రం ఒప్పుకోదు.

చట్టం ఎలా చూస్తుందో ఒక ఉదాహరణ. ఫ్రాన్స్ వెలుపల పుట్టిన ఫ్రెంచి పౌరుల జనన, వివాహ, మరణ రికార్డులన్నీ 1965 నుంచి నాంత్ నగరంలోని కేంద్ర కార్యాలయంలో ఉంటాయి. కాబట్టి పుదుచ్చేరి ఆసుపత్రిలో పుట్టి, పుదుచ్చేరి వీధిలోనే ముసలివాడైన మనిషి కూడా జనన పత్రం కోసం నాంత్‌కే రాయాలి. పింఛను ఆగకుండా ఉండాలంటే ఏటా బతికే ఉన్నానని సర్టిఫికెట్ పంపాలి. పుదుచ్చేరి అసెంబ్లీకి ఎన్నికయ్యే 30 మంది ఎమ్మెల్యేల్లో ఒక్కరికీ ఓటు వేయలేడు. కాని ఫ్రాన్స్ అధ్యక్షుడికి వేయగలడు. విదేశాల్లో ఉన్న ఫ్రెంచివాళ్ల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన 11వ నియోజకవర్గంలో అతనొక ఓటరు. అది రష్యా నుంచి ఆస్ట్రేలియా దాకా పరుచుకున్న నియోజకవర్గం. 2022 ఏప్రిల్ అధ్యక్ష ఎన్నికలప్పుడు పుదుచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేట్ కింద ఉన్న ఓటర్లు నాలుగున్నర వేల పైచిలుకు. ఇక్కడ ఉదయం ఎనిమిదికి ఓటింగ్ మొదలైతే ఫ్రాన్స్‌లో అప్పటికి నాలుగున్నర, ఇంకా కోడి కూయలేదు.

దీనికి ముందుటి అధ్యాయం 1881లో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 21న వచ్చిన డిక్రీ ప్రకారం ఇక్కడి మనిషి తన కులాచారం, మతాచారం ప్రకారం నడిచే పర్సనల్ లాను వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్లొచ్చు. ఒక ఇంటిపేరు ఎంచుకోవాలి. మళ్లీ వెనక్కి రావడం కుదరదు. ఇలా పర్సనల్ లా వదులుకునే ఉద్యమానికి ముందు నిలిచింది పొన్నుతంబి పిళ్లై అనే వకీలు. 1873లో యూరోపియన్ బూట్లు వేసుకుని కోర్టుకు వచ్చినందుకు జడ్జి అభ్యంతరం చెబితే, ఆయన పారిస్ పై కోర్టు దాకా వెళ్లి గెలిచాడు. డిక్రీ వచ్చాక లపోర్త్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ దారిన వెళ్లినవాళ్లలో క్రైస్తవులు, అట్టడుగు కులాలవాళ్లే ఎక్కువ. అగ్రవర్ణాలవాళ్లకు ఉన్నదాన్ని వదులుకోవాల్సిన అవసరం అంతగా కనబడలేదు.

బూట్ల కథ అందరూ చెప్పుకుంటారు. నా దృష్టిలో అసలు మార్పు ఆస్తి పంపకంలో వచ్చింది. సివిల్ కోడ్ ప్రకారం తండ్రి ఆస్తిలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. అంటే 1881లో పేరు మార్చుకున్న పుదుచ్చేరి తండ్రికి పుట్టిన ఆడపిల్లకు చట్టం ఇచ్చిన ఆ హక్కు, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లకు దొరకడానికి 1985 సెప్టెంబరు 5 దాకా ఆగాల్సి వచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం సవరించి ఆ తేదీ నుంచి వర్తింపజేసింది. దేశమంతటికీ వచ్చింది 2005లో. మధ్యలో వందేళ్లకు పైగా తేడా. ఊరు మారలేదు, తిండి మారలేదు, వర్తించే చట్టం మారింది. మనిషి జీవితం మారడానికి అది చాలింది.

చట్టమూ కూలీ తమ చేతిలో లేనప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే మన తెలుగువాళ్ల దగ్గరికే రావాలి. 1828లో యానాం నుంచి ఓడలో పదిహేను మంది తెలుగు కూలీలు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి వెళ్లారు. అక్కడ చెరకు తోటల్లో పని. రీయూనియన్‌కు భారతీయ ఒప్పంద కూలీల వలసలో తొలి జట్టు వాళ్లే. అక్కడ బానిసత్వం రద్దయింది 1848లో. అప్పటి నుంచి కూలీలకు గిరాకీ పెరిగింది. బ్రిటిష్ ఇండియాలోనూ కూలీలను తీసుకోవడానికి 1860లో ఆంగ్లేయులు, ఫ్రెంచివాళ్లు ఒప్పందం చేసుకున్నారు. రీయూనియన్‌కు ఆ వలసను 1882లో ఆపేశారు. ఆ మధ్యలో మన దేశం నుంచి ఆ ఒక్క దీవికే వెళ్లినవాళ్లు లక్షకు పైనే. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల మునిమనవళ్లు ఇవాళ ఫ్రెంచి పౌరులు. పూజలు, నిప్పుల మీద నడిచే మొక్కులు మిగిలాయి. తెలుగు ఇళ్లలో మిగల్లేదు.

ఇక ఇటు వచ్చినవాళ్లు. అరవిందులు 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరిలో దిగారు, బ్రిటిష్ పోలీసుల చేతికి అందకుండా. ఏడేళ్ల వయసులో ఇంగ్లండు వెళ్లి పద్నాలుగేళ్లు అక్కడే పెరిగిన మనిషి ఆయన. సొంత భాష బెంగాలీని కూడా తిరిగొచ్చాకే పట్టుగా నేర్చుకున్నారు. పుదుచ్చేరిలో 40 ఏళ్లు ఉండి 1950 డిసెంబరు 5న ఇక్కడే కన్నుమూశారు. ఆనాటికి ఈ ఊరు ఇంకా ఫ్రెంచివాళ్లదే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది ఆయన పుట్టినరోజున. స్వతంత్ర భారతంలో మాత్రం ఆయన ఒక్క రోజు కూడా అడుగు పెట్టలేదు.

అరవిందుల ఆశ్రమంలో మదర్ అని పిలిచే, పారిస్‌లో పుట్టిన మీరా అల్ఫాసా 1914 మార్చి 29న తొలిసారి వచ్చారు. 1920లో తిరిగి వచ్చి 1973లో చనిపోయే దాకా ఇక్కడే ఉన్నారు. భారత పౌరురాలు కావాలన్న కోరికను 1954 ఆగస్టు 15న చెప్పారు, ఫ్రెంచి పౌరసత్వం వదలకుండా. మన చట్టం అప్పుడూ ఇప్పుడూ రెండు పౌరసత్వాలకు చోటివ్వలేదు. ఆమె తలపెట్టిన ఆరోవిల్ పట్టణం 1968 ఫిబ్రవరి 28న మొదలైంది. 50 వేల మంది కోసం వేసిన ప్రణాళిక. ఇప్పుడు ఉన్నది సుమారు 3,300 మంది, అరవై దాకా దేశాలవాళ్లు. వాళ్లలో దాదాపు సగం మంది భారతీయులే.

ఎన్నేళ్లు ఉన్నారన్నది ముఖ్యమా, ఎన్ని దేశాలు తిరిగారన్నది ముఖ్యమా? 2018లో హాయో ఆడమ్ బృందం ఆరు అధ్యయనాల్లో 1,874 మందిని పరీక్షించింది. విదేశంలో కాపురం ఉన్నవాళ్లకు తామేమిటో మరింత స్పష్టంగా తెలిసిందని తేల్చింది. ఆ స్పష్టత దేశాల సంఖ్యతో పెరగలేదు, గడిపిన కాలంతో పెరిగింది. నా విలువలు నిజంగా నావేనా, పెరిగిన చోటు అంటగట్టినవా అని మళ్లీ మళ్లీ తమను తాము ప్రశ్నించుకోవాల్సి రావడమే కారణమన్నారు. అంతకు చాలా ముందు, 1955లో, లీస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వేవాళ్ల అనుభవాలు చూశాడు. మొదటి ఆరు నెలలు బాగుంటుంది, ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య కిందికి జారుతుంది, తరవాత మెల్లగా లేస్తుంది. కొత్త కోడలికి ఆషాఢం దాటాక పుట్టిల్లు గుర్తొచ్చినట్టే. ఈ లెక్క నాకు సగమే నచ్చుతుంది. ఆ నార్వేవాళ్లు చదువుకో పనికో వెళ్లి గడువు తీరగానే ఇంటికి వచ్చేసినవాళ్లు. యానాం కూలీకి ఆ వంపులో చోటెక్కడ?

అయినా కొన్ని గడువులు నిజంగానే మనిషిని మారుస్తాయి, ముఖ్యంగా చట్టం పెట్టినవి. ఫ్రెంచి సివిల్ కోడ్‌లో యాభై ఏళ్ల నిబంధన ఒకటి ఉంది. తాతముత్తాతలు ఫ్రాన్స్ వెలుపల యాభై ఏళ్లకు పైగా స్థిరపడి, ఈ మధ్యలో తానుగానీ తల్లిదండ్రులుగానీ ఫ్రెంచివాళ్లుగా మెలగకపోతే, వంశపారంపర్యంగా పౌరసత్వం ఉందని నిరూపించుకునే వీలు ఉండదు. పుదుచ్చేరికి ఆ లెక్క 1962 ఆగస్టు 16 నుంచి వేస్తే 2012 ఆగస్టు 16తో తీరింది. మా తాత సైగాన్‌లో పుట్టాడు, కాబట్టి ఒప్పందం ఆయనకు వర్తించదు అంటూ ఫ్రెంచి కోర్టులకు వెళ్లిన మనవళ్లకు ఈ తారీఖు అడ్డు తగిలింది.

మన ఇళ్లకు కూడా ఇలాంటి గడువులున్నాయి, కాకపోతే ఎవరూ గోడకు రాసి పెట్టుకోరు. 2022లో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు, 2023లో 2,16,219 మంది. వాళ్లలో ఎందరో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకుంటారు. 1947 ఆగస్టు 15 తరవాత భారతదేశంలో కలిసిన ప్రాంతాలవాళ్లకూ ఆ కార్డు ఇవ్వొచ్చని చట్టంలో ఒక వాక్యం ఉంది. పుదుచ్చేరి సొల్దాల పిల్లలు ఇక్కడ ఉండగలిగేది ఆ వాక్యం పుణ్యమే. కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు, పొలం కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. అమెరికాలో పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చిన గుంటూరు కుర్రాడికి నాన్న పక్కన ఉన్న ఎకరం కొనిపెడదామంటే కుదరదు. ఇంకా భారత పౌరుడిగానే ఉన్నవాడికి అక్కడ బిడ్డ పుడితే, ఆ బిడ్డ భారతీయురాలు కావాలంటే ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి.