కదిలే బొమ్మకు బరువు ఎట్లు వచ్చును?

గుమ్మఘట్ట బడిలో ఒక పిల్లవాడు నోటుపుస్తకపు అంచున పుటకొక బంతి బొమ్మ గీచి, పుటలను బొటనవ్రేలితో జారవిడుచుచున్నాడనుకొందము. బంతి పైనుండి క్రిందికి దిగును. కాని అది పడినట్లుండదు. దారము కట్టి మెల్లగా దించినట్లుండును. బొమ్మలో తప్పు లేదు. ప్రతి పుటలోను బంతిని సమానదూరము జరిపి గీచుటయే లోపము.

అసలు కదలని బొమ్మలు కదలినట్లేల కనబడును? 1832లో బెల్జియము శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో చీలికలుగల గుండ్రని అట్టను అద్దము ముందు త్రిప్పి, దానిపైని వేరువేరు బొమ్మలు ఒకే బొమ్మయై కదలునట్లు చూపెను. చూచిన బొమ్మ కంటిలో క్షణకాలము నిలిచియుండుటయే దీనికి కారణమని చాలకాలము చెప్పుచుండిరి. ఆ ఒక్కటే కారణమైనచో బొమ్మలు ఒకదానిపై ఒకటి పడి అలికినట్లు కనబడవలెనే గాని, కదలవలసిన పని లేదు. రెండు స్థానములను చూచి నడుమ గమనమును కల్పించుకొనునది మెదడు. 1912లో జర్మనీ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మాక్స్ వర్తైమర్ ప్రయోగములు ఈ విషయమును బయటపెట్టినవి.

కావున యానిమేషన్ చిత్రకారుని పని బొమ్మలు గీయుటకంటె బొమ్మల నడుమ ఎడమును నిర్ణయించుటయే. సినిమాలో సెకనుకు 24 చిత్రములు నడచును. సాధారణముగా ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు ఫోటో తీయుదురు గనుక సెకనుకు 12 బొమ్మలు చాలును. బంతిని 122 సెంటీమీటర్ల ఎత్తునుండి విడిచినచో అది అర సెకనులో నేలను తాకును. అనగా మొదటి స్థానము గాక ఆరు బొమ్మలు. పడు వస్తువు సమానకాలములలో 1, 3, 5, 7, 9, 11 అను బేసిసంఖ్యల నిష్పత్తిలో దూరములు పోవునని గెలీలియో ఏనాడో చెప్పియున్నాడు. ఈ సంఖ్యల మొత్తము 36. ఒక్కొక్క భాగము సుమారు 3.4 సెంటీమీటర్లు. బంతి మొదటి బొమ్మకు 3.4, రెండవదానికి మరి 10.2, ఆపైన 17, 23.8, 30.6, కడపట 37.4 సెంటీమీటర్లు దిగవలెను. తొమ్మిదవ తరగతి పాఠములో లెక్కగా చేసి మరచిపోవు సూత్రమే ఇక్కడ బొమ్మకు బరువునిచ్చుచున్నది.

నేలను తాకినపుడు బంతి అణగి వెడల్పగును. వెడల్పు పెరిగినంతమాత్రమున ఘనపరిమాణము పెరుగదు. ఎత్తు తగ్గింపక వెడల్పు మాత్రమే పెంచినచో బంతి గాలి ఊదినట్లు ఉబ్బును. నిజమైన బంతి అంతగా అణగదన్నమాట వాస్తవమే. చిత్రకారుడు కొంత అతిశయోక్తి చేయును, కవులు చేయుటలేదా!

జీవులను గీయునపుడు మరి రెండు సంగతులు గమనింపవలెను. చేనిలో వేరుశనగ చెట్టు పెరుకు మనిషి ముందు వంగి, కాళ్లు నిలదొక్కుకొని, ఆ పిదపనే పైకి లాగును. ఆ ముందు కదలిక గీయనిచో చెట్టు తనంతట ఊడివచ్చినట్లుండును. నడచు ఎద్దు టక్కున ఆగినను దాని గంగడోలు వెంటనే ఆగక మరి రెండు ఊపులు ఊగును. డిస్నీ చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి సూత్రములు పండ్రెండు వివరించిరి.

సూత్రములకు పేర్లు పెట్టకయే చేతితో తెలిసికొన్నవారు గుమ్మఘట్టకు తూర్పుగా, ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో ఉన్నారు. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలును వెలుగు చొచ్చునంత పలుచన చేసి, రంగులు వేసి, భుజము, మోచేయి మొదలగు కీళ్లవద్ద దారముతో ముడివేయుదురు. తెల్లతెర వెనుక దీపమునకు ముందు బొమ్మను ఆడింతురు. కర్రతో చేతిని ఎత్తి ఆపినపుడు వ్రేలాడు భాగము లోలకమువలె కొంచెము ఆలస్యముగా ఊగి నిలుచును. ఆ ఊపును ఎవరును గీయనక్కరలేదు; భూమ్యాకర్షణయే ఆ పని చేయును. కాగితముపై బొమ్మకు ఈ సహాయము లేదు. ప్రతి ఊపును చిత్రకారుడే లెక్కించి గీయవలెను.

ఈ రెండు కళలకు నడుమ నిలిచినది జర్మనీ కళాకారిణి లొట్టె రైనిగర్. ఆమె కీళ్లుగల నీడబొమ్మలను వెలుగునిచ్చు గాజుపలకపై పరచి, రవ్వంత జరుపుచు ఒక్కొక్క చిత్రము తీసి, 1926లో ‘రాకుమారుడు అహ్మద్ సాహసములు’ అను పూర్తి నిడివి చిత్రము విడుదల చేసెను. నేడు నడిమి బొమ్మలను కంప్యూటరు పూరించును. కాని సమవేగము అని చెప్పిన సమవేగముగానే పూరించును. బంతి మరల దారమున దిగును.

పై దూరములను పదవవంతునకు తగ్గించినచో బంతి పతనమంతయు నోటుపుస్తకపు అంచున పండ్రెండు సెంటీమీటర్లలో ఇముడును. మొదటి స్థానముతో కలిపి ఏడు పుటలు చాలును. అవి సెకనుకు 12 చొప్పున జారవలెను. సెకనుకు 5 చొప్పున జారినచో కదలిక కొంత కుదుపుగా ఉండునుగాని, అదే బంతి చంద్రునిపై పడినట్లు కనబడును. అచ్చటి ఆకర్షణ భూమిపైనున్నదానిలో ఆరవవంతు.