ముందు చక్రం మొర వింటున్నారా?

రాయపురం (చెన్నై): గుంతలో పడితే ‘టక్’మంటుంది. మలుపు తిప్పితే ‘కటకటా’ కొట్టుకుంటుంది. వేగం పెరిగితే తుమ్మెదలా ‘ఝుం’మంటుంది. తీరా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే నోరు మెదపదు! నాలుగు చక్రాలూ లాగే పికప్ బండి ఉన్నవాళ్లకి ఇది తెలిసిన బాధే.

ఉత్తర చెన్నైలో ఈ బాధ కాస్త ఎక్కువ. దక్షిణాదిలో తొలి రైలు 1856లో కూత పెట్టింది రాయపురం స్టేషన్ నుంచే. ఇప్పుడు ఇక్కడ వినపడేదంతా రేవుకెళ్లే కంటెయినర్ లారీల హోరే. వాటి బరువుకి రోడ్డు గుంతలు పడుతుంది. కాసిమేడు చేపల రేవులో ఎప్పుడూ ఉప్పునీళ్లే. కీళ్లకు తొడిగిన రబ్బరు బూటు ఎక్కడో చిన్నగా చిరుగుతుంది. అందులోంచి గ్రీజు బయటికి, ఉప్పునీళ్లు లోపలికి! అదే బండి చేపల లోడుతో గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటి తడ వైపు పరిగెత్తాలి. ఆదివారం వస్తే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కాలి.

శబ్దం రాగానే చాలామంది చేసే మొదటి పని షాకబ్జర్లు మార్పించడం. డబ్బు పోతుంది, శబ్దం ఉంటుంది. ఈ రాసేవాడూ ఒకసారి ఆ దక్షిణ చెల్లించుకున్నవాడే. మార్చాల్సింది కింది బాల్ జాయింటని ఆ తర్వాత తెలిసింది. బండి ‘ఎలా’ అరుస్తోందన్నది ఒక్కొక్కరి చెవికి ఒక్కోలా వినపడుతుంది. ‘ఎప్పుడు’ అరుస్తోందన్నది మాత్రం ఎవరు నడిపినా ఒకటే. పట్టుకోవాల్సింది దాన్నే.

గుంతలోనా... స్పీడ్ బ్రేకర్ మీదా?

ఒక్క చక్రం గుంతలో పడ్డప్పుడే టక్‌మని, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఊరుకుంటే స్టెబిలైజర్ లింకుల్ని అనుమానించాలి. పెద్ద ఖర్చు కాదు. రెండు చోట్లా కొడుతుంటే ఆర్మ్ బుష్షులు, షాకబ్జర్ బిగింపులు, బాల్ జాయింట్లు చూడాల్సిందే. బ్రేకు మీద కాలు మెల్లగా ఆన్చగానే గలగల ఆగిపోతే బ్రేకు ప్యాడ్లు వదులైనట్టు.

‘ఝుం’ శబ్దం ఇంజను వేగంతో కాక బండి వేగంతో పెరుగుతుంటే హబ్ బేరింగో, టైరో. ఖాళీ రోడ్డు మీద స్టీరింగును కొద్దిగా కుడికి తిప్పండి. బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగు మీదే అనుమానం. అయినా తొందరపడొద్దు. ముందు టైర్లను వెనక్కి మార్చి చూడండి. మోత కూడా వెనక్కి వెళ్తే తప్పు టైరుది, బేరింగు డబ్బు మిగిలినట్టే.

ఫోర్ వీల్ వేస్తేనే వస్తోందా?

ఈ ఒక్క ప్రశ్న మామూలు కార్లకు ఉండదు. శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చే వీ-క్రాస్‌లో గానీ, పాత మహీంద్రా జీపుల్లో గానీ ముందు చక్రాలకు పవర్ వెళ్లేది మనం వేసినప్పుడే. ఇసుక నేల మీద 2హెచ్‌లో ఒకసారి, 4హెచ్‌లో ఒకసారి నడిపి చూడండి. 4హెచ్‌లోనే, అదీ మలుపులో ‘కటకట’ వస్తే చక్రం దగ్గరి సీవీ జాయింటు పోయి ఉండొచ్చు. తిన్నగా వెళ్తున్నా కొడితే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు చూడాలి. రెండింట్లోనూ ఒకేలా వస్తే ఫోర్ వీల్ జోలికి పోనవసరం లేదు.

ఈ పరీక్ష పొడి తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఈ బండ్లలో మధ్యలో ఉండదు. ఇసుకలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి బండి బిగుసుకుని మూలుగుతుంది. బాగున్న బండికీ ఆ మూలుగు తప్పదు.

అసలు భయం బాల్ జాయింటు

మిగతావి ఖర్చుతో పోతాయి. బాల్ జాయింటు ఊడితే మాత్రం చక్రం పక్కకి ఒరిగిపోతుంది, స్టీరింగు మన మాట వినదు. ఘాట్ రోడ్డులో ఇక చెప్పేదేముంది! చూడ్డం కష్టమేం కాదు. సమతలం మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. కాయిల్ స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చున్న బండి అయితే జాకీ ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. ఛాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగు ఒత్తిడికి జాయింటు బిగుసుకుని, ఉన్న లూజు కూడా కనపడదు. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఊగితే బేరింగో, బాల్ జాయింటో. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఊగడం ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. పక్కలు పట్టుకుని ఊపినప్పుడే కదిలితే టై రాడ్ ఎండ్. బండి కింద తల పెట్టాల్సి వస్తే జాకీని నమ్మొద్దు, స్టాండు వేయాల్సిందే.

పుదుప్పేటలో పాత డోరు, పాత బంపరు కొనుక్కోండి, తప్పులేదు. బాల్ జాయింటు, టై రాడ్ ఎండ్ మాత్రం కొత్తవే వేయించండి. అవి మార్చాక ఎలైన్‌మెంట్ తప్పనిసరి. ఆ తర్వాత అద్దాలు దించుకుని, మొదట శబ్దం వచ్చిన అదే గుంత మీదుగా, అంతే లోడుతో, అంతే వేగంతో మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చక్కరు కొట్టండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.